చెమ్మరి: ఒక గ్రహాంతర ఉభయచరం బొమ్మ తయారీ డైరీ

1వ రోజు

కొత్త నోటుబుక్కు తెరిచి మొదటి పేజీలో "తడి" అని ఒక్క మాట రాసి కింద గీత కొట్టాను. ఈసారి చెయ్యబోయేది గ్రహాంతర జీవి బొమ్మ. కప్పలూ సాలమాండర్లూ (బల్లి ఆకారంలో ఉండే ఉభయచరాలు) ఎలా బతుకుతాయో ఇదీ అలా బతికేదిలా అనిపించాలి. కానీ చూడగానే ఫలానా కప్ప అని ఎవరూ అనకూడదు. అసలు జీవి పొడవు 60 సెంటీమీటర్లు, బొమ్మ అందులో మూడో వంతు. పేరు మాత్రం పని మొదలవకముందే కుదిరిపోయింది: చెమ్మరి. చెమ్మలో పుట్టి చెమ్మలో పెరిగేది కదా.

మొదటి స్కెచ్ గంటలో అయిపోయింది. అంత తొందరగా అయిపోయినప్పుడే అనుమానం రావాల్సింది. మా మేనకోడలు వెనక నుంచి తొంగి చూసి, "మామయ్యా, ఇది కప్ప మాస్కు పెట్టుకున్న అంకుల్ కదా?" అంది.

కోపం వచ్చింది కానీ పిల్ల చెప్పింది నిజం. భుజాలు మనిషివి, నడుము మనిషిది, చేతులు వేలాడదీసిన తీరు మనిషిది. పచ్చ చర్మం, ఉబ్బు కళ్ళు మాత్రం కప్పవి. కాగితం చించలేదు, గోడకు అతికించాను. ఏం చెయ్యకూడదో గుర్తుండాలిగా. కింద ఇంకో మాట రాసుకున్నాను: ప్రతి అవయవమూ ఊపిరికో నీటికో పనికొచ్చేది అయి ఉండాలి, లేకపోతే తీసెయ్యాలి.

2వ రోజు

ఒళ్ళు గియ్యాలంటే ముందు ఊరు కావాలి. ఎర్రమరుగుజ్జు నక్షత్రం (మన సూర్యుడికంటే చిన్నది, చల్లనిది) చుట్టూ తిరిగే గ్రహం ఎంచుకున్నాను. అలాంటి నక్షత్రానికి దగ్గరగా తిరిగే గ్రహం ఎప్పుడూ ఒకే ముఖాన్ని దానివైపు పెట్టుకుని ఉండే అవకాశం ఎక్కువ. ఒకవైపు ఎడతెగని పగలు, ఇంకోవైపు ఎడతెగని రాత్రి. మధ్యలో ఉన్న పట్టీలో మా చెమ్మరి ఉండే చిత్తడి నేల. అక్కడ సూర్యుడు దిగంతానికి కాస్త పైన ఒకేచోట ఆగిపోయి ఉంటాడు. గాలి పీడనం మన దానికి రెండింతలు, ఆక్సిజన్ వాటా మాత్రం మనలాగే 21 శాతం. పొగమంచు ఎప్పుడూ ఉంటుంది.

వెలుతురు దగ్గర ఒక తప్పు చెయ్యబోయి ఆగాను. ఎర్రమరుగుజ్జు అనగానే నెత్తుటి రంగు ఆకాశం ఊహించుకున్నాను. కానీ ఆ నక్షత్రాల ఉపరితలం ఉష్ణోగ్రత చాలావాటికి 3000 కెల్విన్ల ప్రాంతంలో ఉంటుంది. పాతకాలం ఫిలమెంటు బల్బు 2700 దాకా ఉంటుంది. అంటే అక్కడి పగలు మన ఇంట్లో పాత బల్బు కింద కూర్చున్నట్టే ఉంటుంది. రంగులు వేసే రోజున తెల్ల ఎల్ఈడీ తీసేసి పసుపు బల్బు పెట్టాలని రాసుకున్నాను.

3వ రోజు

ఈ రోజంతా లెక్కలే. బొమ్మలు చేసేవాడికి లెక్కలెందుకు అంటారేమో, ఈ ప్రాజెక్టులో సగం ఆకారాన్ని ఇచ్చింది ఇవే.

ఉభయచరాలకు చర్మమే సగం ఊపిరితిత్తి. ప్లెథడాంటిడే అనే సాలమాండర్ల కుటుంబంలో 400కు పైగా జాతులున్నాయి. వాటికి అసలు ఊపిరితిత్తులే లేవు. చర్మంతోనూ నోటి లోపలి పొరతోనూ కాలం గడిపేస్తాయి. అయితే అవి దాదాపు అన్నీ చిన్నవి, సన్ననివి. కారణం అందరికీ తెలిసిన లెక్కే. చర్మంతో మాత్రమే ఊపిరి పీల్చే 10 సెంటీమీటర్ల జీవిని అదే ఆకారంలో 60 సెంటీమీటర్లకు పెంచామనుకుందాం. పొడవు 6 రెట్లు, చర్మం 36 రెట్లు (6×6), బరువు 216 రెట్లు (6×6×6). వంద గ్రాముల ప్రాణి 21 కిలోలు దాటిపోతుంది, చర్మం మాత్రం ఆ జోరు అందుకోలేదు.

ఇక్కడే పెన్ను కింద పెట్టి, సైజు తగ్గించేద్దామా అనుకున్నాను. తర్వాత గుర్తొచ్చింది: ఒంటి ఖర్చు కూడా బరువుతో సమానంగా పెరగదు. ఏనుగుకు గ్రాముకు అయ్యే ఖర్చు ఎలుకకంటే చాలా తక్కువ. మామూలుగా వాడే 0.75 ఘాతం ప్రకారం చూస్తే 216 రెట్ల బరువుకు ఆక్సిజన్ అవసరం సుమారు 56 రెట్లే. కావాల్సింది 56, చర్మం తేగలిగేది 36. గాలి పీడనం రెండింతలు కాబట్టి ఆ 36 కాస్తా 72 దగ్గరికి వస్తుంది. హమ్మయ్య.

హమ్మయ్య అన్నది కూర్చున్న చెమ్మరి విషయంలోనే. గెంతాలన్నా, తరుముకొచ్చేదాన్నుంచి తప్పించుకోవాలన్నా ఖర్చు ఎన్నో రెట్లు పెరుగుతుంది. దానికి ఏం పెట్టాలి? టిటికాకా సరస్సులో ఒక కప్ప ఉంది. సముద్రమట్టానికి 3800 మీటర్ల ఎత్తున, ఎప్పుడూ నీళ్ళలోనే ఉంటుంది. దాని చర్మం రెండు సైజులు పెద్ద చొక్కా తొడిగినట్టు ముడతలు ముడతలుగా వేలాడుతుంది. నీళ్ళలో ఆక్సిజన్ తగ్గితే దండీలు తీసినట్టు పైకీ కిందికీ ఊగుతుంది, ముడతల చుట్టూ నీరు కదలడానికి. దాన్ని చూస్తే నవ్వొస్తుంది కానీ పని జరుగుతుంది.

చెమ్మరికీ పక్కల వెంట ముడతలు పెట్టాను. తేడా ఏమిటంటే ఇవి విచ్చుకుంటాయి. ఊరికే ఉన్నప్పుడు చీర కుచ్చిళ్ళలా ఒంటికి అతుక్కుని ఉంటాయి, ఆయాసం వస్తే విసనకర్రల్లా తెరుచుకుంటాయి. విప్పితే ఒళ్ళు ఆరిపోతుంది, మూస్తే ఊపిరి చాలదు. ఈ బేరమే చెమ్మరి బతుకు. ఇంకో లాభం కూడా కనిపించింది: చెమ్మరి భయపడిందో తీరిగ్గా ఉందో పక్క ముడతలు చూసి చెప్పెయ్యొచ్చు. మనిషి ముఖకవళికలు అరువు తెచ్చుకునే అవసరం తప్పింది.

5వ రోజు

అస్థిపంజరం. గోడమీద అంకుల్‌ని పూర్తిగా వదిలించుకున్నది ఈరోజే.

మెడతో మొదలుపెట్టాను. మనకు మెడలో ఏడు వెన్నుపూసలుంటే ఉభయచరాలకు ఒక్కటే. కప్ప వెనక్కి తిరిగి చూడదు, ఒళ్ళంతా తిప్పుకుంటుంది. మెడ తీసెయ్యగానే తల నేరుగా భుజాల్లోంచి మొలిచింది, స్కెచ్‌లో మనిషి వాసన సగం పోయింది. "దీనికి మెడ ఏది మామయ్యా?" అన్న ప్రశ్న వచ్చింది. లేదన్నాను. "మరి పిలిస్తే ఎలా చూస్తుంది?" అందుకే కళ్ళు పక్కలకు, పైకి జరిపాను.

తర్వాత ఛాతీ. చాలా కప్పలకు పక్కటెముకలు ఉండవు, మనలా ఛాతీ ఉబ్బించి గాలి లాగడానికి డయాఫ్రం కూడా లేదు. నోటి అడుగు భాగాన్ని కిందికి దించి గాలి నింపుకుని, మళ్ళీ పైకి నొక్కి ఊపిరితిత్తుల్లోకి తోస్తాయి. కూర్చున్న కప్ప గొంతు టకటకా ఆడుతూ ఉండేది అందుకే. పంపు నోట్లో ఉంటే పంపు పెద్దదిగా ఉండాలి, అంటే తల వెడల్పుగా, బల్లపరుపుగా ఉండాలి. చెమ్మరి తల ఒళ్ళంత వెడల్పు చేసి, గొంతు కింద వదులు చర్మం సంచీలా వేలాడదీశాను. ఊపిరితిత్తులు ఉన్నాయి కానీ చిన్నవి, పరుగు పెట్టినప్పుడు మాత్రమే అక్కరకొచ్చేవి.

భుజాలకు కండలు తగ్గించాను. కండలున్న గ్రహాంతర జీవిని చూస్తే నాకు జిమ్ము ఫీజు గుర్తొస్తుంది.

6వ రోజు

కాళ్ళు ఎన్ని? మనకు నాలుగు అవయవాలు ఎందుకున్నాయంటే, నేలమీదికొచ్చిన చేపకు రెండు జతల రెక్కలున్నాయి కాబట్టి. ఇంకో గ్రహంలో ఆ లెక్కే ఉండాలని లేదు. ఆరు కాళ్ళతో మూడు బొమ్మలు గీశాను. మూడూ కప్పల తక్కెడలా తయారయ్యాయి: ఒక కాలు సర్దితే ఇంకోటి బయటికి దూకుతుంది. పైగా పురుగులా కనబడుతోంది. నాలుగుకే వచ్చేశాను. శాస్త్రం ఇందుకు ఒప్పుకుంటుందని అనను, కళ్ళు ఒప్పుకున్నాయి.

వేళ్ళ దగ్గర మాత్రం స్వేచ్ఛ తీసుకున్నాను. నేటి కప్పలకు ముందు కాళ్ళకు నాలుగేసి వేళ్ళు. కానీ 36 కోట్ల ఏళ్ళకు పైబడిన అకాంథోస్టెగా అనే తొలి నాలుగు కాళ్ళ జీవి శిలాజంలో ముందు కాలికి ఎనిమిది వేళ్ళున్నాయి. మొదట్లో ప్రకృతికి కూడా ఐదు మీద అంత పట్టుదల లేదన్నమాట. చెమ్మరికి ఆరు ఇచ్చాను, మూడేసి చొప్పున రెండు గుత్తులు, పటకారులా ఎదురెదురుగా.

8వ రోజు

కళ్ళు. కప్ప మింగేటప్పుడు కళ్ళు మూసుకుని గుటకేసినట్టు కనిపిస్తుంది, తమాషాగా ఉంటుంది. నిజానికి కనుగుడ్లు లోపలికి దిగి, నోట్లో ఉన్నదాన్ని గొంతులోకి నెట్టడానికి సాయపడతాయి. వాటికీ నోటికీ మధ్య ఎముక గోడ లేదు. చెమ్మరికీ ఇదే పెట్టాను. కాబట్టి కళ్ళ చుట్టూ ఎముక గట్టు గియ్యకూడదు, మెత్తటి చర్మపు గుంట ఉండాలి. కనుపాప ఎలా ఉండాలో చాలాసేపు తేలలేదు. కప్పల్లో అడ్డంగా చీలినవి, నిలువుగా చీలినవి, త్రికోణాలు కూడా ఉన్నాయి. చివరికి అడ్డ చీలికే ఉంచాను. దిగంతం మీదే సూర్యుడుండే చోట చూడాల్సిందంతా అడ్డంగానే ఉంటుంది.

మూడో కన్ను గురించి రాయకపోతే అన్యాయం. చాలా కప్పలకు రెండు కళ్ళ మధ్య, నుదుటి మీద, చిన్న మచ్చలాంటిది ఉంటుంది. అది వెలుతురును పసిగడుతుంది. చెమ్మరికి దాన్ని కందిగింజంత చేశాను. ఎందుకంటే ఎర్రమరుగుజ్జులు ఉన్నట్టుండి భగ్గుమంటాయి, ఆ మంటల్లో అతినీలలోహిత కిరణాలు వస్తాయి. ఒంటిమీద పల్చటి తడి చర్మం తప్ప ఏమీ లేని ప్రాణికి అది ప్రాణాంతకం. ఆ మచ్చ మండగానే చెమ్మరి ఆలోచించకుండా నీళ్ళలో దూకేస్తుంది. శివుడి కన్ను తెరుచుకుంటే ఎదుటివాడు కాలిపోతాడు, ఇక్కడ తెరుచుకున్నవాడే పారిపోతాడు.

9వ రోజు

చెవులు. ఇది ఇంతగా పనికొస్తుందని అనుకోలేదు. సాలమాండర్లకు బయటికి కనిపించే కర్ణభేరి లేదు. వాటి భుజం ఎముక నుంచి లోపలి చెవి దగ్గరికి ఒక కండరం వెళుతుంది, నేల అదురు ముందు కాలు గుండా చెవికి చేరుతుంది. అంటే చేత్తో వినడం!

బురదలో, పొగమంచులో, దూరం కనబడని చోట ఇంతకంటే ఏం కావాలి? నాకు భంగిమ దొరికేసింది. చెమ్మరి నిలబడదు, పోజులివ్వదు. గొంతుక్కూర్చుని, పొట్ట కింది భాగాన్ని తడి నాచుకు ఆనించి, కుడి చెయ్యి నేలకు బాగా అదిమి పెట్టి వింటూ ఉంటుంది. పొట్ట ఆనించడం కూడా ఊరికే కాదు. కప్పలు నోటితో నీళ్ళు తాగవు, తొడల మధ్య పొట్ట చర్మంతో పీల్చుకుంటాయి. ఒకే భంగిమలో తాగడం, వినడం, ఊపిరి. మొదటి రోజు స్కెచ్‌లో ఇది ఒక్కటీ లేదు.

పిల్లల దశ గురించి రెండు పేజీలు రాశాను, బొమ్మలో కనబడేది కాదు కాబట్టి ఇక్కడ క్లుప్తంగా: తల పక్కన ఈకల్లాంటి మొప్పలతో పుడతాయి, కొన్ని లోతు చెరువుల్లో ఆక్సొలాటిల్ అనే సాలమాండర్ లాగా ఎదిగాక కూడా మొప్పలు వదలవు. కాళ్ళు లేని ఉభయచరాలైన సిసీలియన్లలో కొన్నిటి పిల్లలు తల్లి పైచర్మాన్ని గీరుకుని తింటాయి, చెమ్మరి పిల్లలూ అంతే. మేనకోడలికి ఇది చెప్పకుండా ఉండాల్సింది. వాళ్ళమ్మ దగ్గర నాకు చీవాట్లు పడ్డాయి.

11వ రోజు

చేతిపని మొదలు. అల్యూమినియం తీగతో ఎముకల గూడు, ఒంటి లావు కోసం అల్యూమినియం ఫాయిల్ ఉండలు. ఫాయిల్‌ని గట్టిగా నొక్కాలి, లోపల ఖాళీ ఉంటే తర్వాత ఏడిపిస్తుంది. వెనక కాళ్ళు ముడిచిన తీరు నాలుగుసార్లు మార్చాను.

12 నుంచి 14వ రోజు

పాలిమర్ క్లే, అంటే ఓవెన్‌లో కాలిస్తే గట్టిపడే మట్టిలాంటిది. ఫాయిల్ మీద అర సెంటీమీటరు మందంలో పట్టించి ముందు పెద్ద ఆకారాలు, తర్వాత కళ్ళ గుంటలు, తర్వాత నోరు. కళ్ళకు గాజు గోళాల సగం ముక్కలు పెట్టాను, ఓవెన్ వేడికి తట్టుకునేవి. ప్లాస్టిక్ పెడితే వంకర పోతాయి.

చర్మం గరుకుకు ఒక చిట్కా బాగా పనిచేసింది. క్లే మీద పల్చటి ప్లాస్టిక్ కవరు పరిచి, పైనుంచి గుండ్రటి మొన ఉన్న పుల్లతో నొక్కితే గుంటల అంచులు మెత్తగా వస్తాయి. నేరుగా నొక్కితే పొడిచినట్టు ఉంటుంది. వీపు మీద పొక్కులు పెద్దగా, పొట్ట దగ్గరికి వచ్చేసరికి పూర్తిగా నునుపుగా చేశాను. ఊపిరి పీల్చే చోట చర్మం పల్చగా ఉండాలి, నీరు ఆపే చోట మందంగా. ఎక్కడ ఏ గరుకు పెట్టాలో ఇక ఆలోచించాల్సిన పనే లేకపోయింది.

15వ రోజు

పగిలింది.

130 డిగ్రీల సెల్సియస్‌లో కాల్చి తలుపు తీసేసరికి గొంతు సంచీ మీద ఇంత పొడుగు చీలిక. తప్పు నాదే. గొంతు ఉబ్బుగా రావాలని ఆ ఒక్క చోట ఫాయిల్ లేకుండా క్లేనే దట్టంగా పెట్టాను. లోపలా పైనా ఒకేలా కాలలేదు. రాత్రి పదకొండింటికి దాన్ని చూస్తూ కూర్చుంటే పదిహేను రోజులూ కళ్ళముందు తిరిగాయి. చల్లారాక గొంతు భాగం చెక్కేసి, లోపల ఫాయిల్ పెట్టి, పల్చటి క్లే పొర వేసి మళ్ళీ కాల్చాను. అతుకు కనబడుతోంది. దాన్ని దాచకుండా గొంతు ముడతగా మార్చేశాను, ఇప్పుడు అదే ముందునుంచీ ఉండాల్సిన ముడతలా ఉంది.

17వ రోజు

పక్క ముడతలు. క్లేతో పల్చగా చేస్తే విరుగుతున్నాయి, విరగకుండా చేస్తే చపాతీల్లా ఉన్నాయి. చివరికి గాజు పలక మీద ద్రవ లేటెక్స్‌ను (రబ్బరు పాలు) బ్రష్షుతో మూడు పొరలు వేసి, ఆరాక ఒలిచి, కుచ్చిళ్ళు పెట్టి అతికించాను. వెలుతురుకు అడ్డం పెడితే అవతల వేలు లీలగా కనిపిస్తుంది. ఎడమ పక్కవి మూసినట్టు, కుడి పక్కవి సగం విచ్చినట్టు. అదిమిన చేతికి ఏదో వినబడింది, ఆ పక్క ఒళ్ళు ముందే సిద్ధమవుతోంది.

19 నుంచి 21వ రోజు

రంగులు. పసుపు బల్బు పెట్టి కూర్చున్నాను.

చాలా పచ్చ కప్పల ఒంట్లో పచ్చ రంగు పదార్థం ఉండదు. పైన పసుపు కణాల పొర, దాని కింద వెలుతురును తిప్పికొట్టే మెరుపు కణాలు, వాటి కింద నలుపు. మధ్య పొర నుంచి నీలం వెలుతురు తిరిగొస్తుంది, పసుపు పొర గుండా బయటికొచ్చేసరికి మనకు పచ్చగా కనిపిస్తుంది. పసుపు లేకుండా పుట్టిన కప్ప నీలంగా ఉంటుంది. పెయింటు కూడా అదే వరసలో వేస్తే? నలుపు పూత, దానిమీద నీలం మెరుపున్న పెర్ల్ రంగు, పైన పసుపు.

మొదటి ప్రయత్నం ప్లాస్టిక్ బొమ్మలా వచ్చింది. నేను వాడిన పసుపు దట్టమైనది, కింది పొరను కప్పేసింది. పారదర్శకమైన పసుపు ఇంకు నీళ్ళలా పల్చగా కలిపి ఐదు పూతలు వేశాక వీపు కదిలిస్తే రంగు కదిలింది. అయితే ఆ బల్బు కింద నీలం వెలుతురే తక్కువ కాబట్టి అది మట్టి బంగారం రంగులో కనిపిస్తుంది, కిటికీ దగ్గరికి తీసుకెళితే పచ్చగా మారుతుంది. చెమ్మరి తన ఊళ్ళో ఒక రంగు, మా ఇంట్లో ఒక రంగు. సరిదిద్దకుండా అలాగే వదిలేశాను.

ముడతల లోపలి వైపు మాత్రం ముదురు ఎరుపు. అక్కడ రక్తనాళాలు చర్మానికి ఆనుకుని ఉండాలి మరి.

22వ రోజు

మొత్తం మెరిసే వార్నిష్ పూస్తే తడిగా కనబడుతుందనుకున్నాను. షాపులో కొన్న బొమ్మలా తయారైంది. అంతా మెరిస్తే తడి ఎక్కడుందో తెలియదు. ఫిల్లోమెడ్యుసా అనే చెట్టుకప్పలు ఒంట్లోంచి మైనంలాంటిది ఊరించి, కాళ్ళతో ఒళ్ళంతా పూసుకుంటాయి, ఆరిపోకుండా. చెమ్మరి కూడా వీపుకు అలా పూసుకుంటుందనుకుని, వీపంతా మెరుపు తక్కువ వార్నిష్ వేశాను. కాలు అందని చోట, అంటే వెన్ను నడుమ, ముడతల్లో, గొంతు కింద, కళ్ళ చుట్టూ మాత్రం నిండు మెరుపు. చేతి గీతల్లాంటి చారలు కూడా వీపు మీద పల్చగా వదిలాను, పూసుకున్న గుర్తుగా.

24వ రోజు

నాచు దిమ్మ మీద బిగించాను. అంతా అయిపోయిందనుకుని ఫోటోలు తీస్తుంటే మేనకోడలు గడ్డం బల్లకు ఆనించి పక్క నుంచి చూసింది.

"మామయ్యా, చెయ్యి గాల్లో ఉంది."

వంగి చూశాను. రెండోసారి కాల్చినప్పుడు మణికట్టు కొంచెం లేచినట్టుంది, అరచేతికీ నేలకూ మధ్య కాగితం దూరేంత సందు. పైనుంచి చూస్తే ఎవరికీ తెలియదు. కానీ అలా ఉంటే దానికి ఏమీ వినబడదు. ఎపాక్సీ పుట్టీ కలిపి సందులో కూరి, ఆరు వేళ్ళ మధ్యా బురద పైకి ఉబికినట్టు పుల్లతో లాగాను. రేపటికి గట్టిపడుతుంది. దానికి నలుపు, నీలం, పసుపు వెయ్యక్కర్లేదు, బురద రంగు చాలు.